కుక్కలు లేని దిబ్బ

ఇంటికొచ్చి నన్ను పొగిడేవాళ్ళంటే నాకు మొదటినుంచీ అనుమానమే. "మీరు చౌకీదిబ్బ మీద పెరిగారట కదా మేడమ్, ఎంత అదృష్టం!" అని ఆ అమ్మాయి గుమ్మంలోనే అనేసరికి, ఇదేదో పెద్ద పని మీదే వచ్చిందనుకున్నాను. పేరు సౌజన్య. సముద్రపు తాబేళ్ళ మీద పరిశోధన చేస్తోంది. రాష్ట్రం రెండయ్యాక వచ్చిన పెద్ద తుపాను మా శ్రీకాకుళం తీరాన్ని దులిపి వెళ్ళిన తర్వాతి ఫాల్గుణం అది. తాబేళ్ళు గుడ్లు పెట్టిన గుంటలు వెతుక్కుంటూ తీరం పొడుగునా నడిచిందట. ఎక్కడ చూసినా కుక్కలు తవ్వి తినేసిన గుంటలే. చౌకీదిబ్బ మీద మాత్రం గుంటలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. అక్కడ కుక్కల్లేవు, అక్కడివాళ్ళు పెంచరు కాబట్టి. ఎందుకు పెంచరంటే, పెద్దలు వద్దన్నారని చెప్పి ఊరుకుంటున్నారట. "ఇది మన పూర్వీకుల ప్రకృతి జ్ఞానం మేడమ్. తాబేళ్ళ కోసం కుక్కల్నే వదులుకున్నారు!" అంటూ కళ్ళు పెద్దవి చేసింది.

కాఫీ నాకు గొంతులో అడ్డం పడింది. "జ్ఞానమూ లేదు, గీనమూ లేదు. తాబేలు కోసం అక్కడ ఎవరూ ఏదీ వదులుకోలేదు. అది కోపం. పచ్చి కోపం. కూర్చో, చెబుతాను" అన్నాను.

చౌకీదిబ్బ అంటే పెద్ద ప్రదేశమనుకోకండి. ఒక పక్క సముద్రం, మిగతా పక్కలన్నీ ఉప్పుటేరు. మధ్యలో ఇసుక, మొగలి పొదలు, కొన్ని జీడిచెట్లు, ఇరవై గడపలు కూడా లేని జాలరి ఊరు. ఊరి చివర కప్పు లేని నాలుగు మొండిగోడలు. తెల్లదొరల కాలంలో ఉప్పు సర్కారు సొత్తు. ఎండలకి ఏటి ఒడ్డున తెల్లగా పేరుకున్న ఉప్పును దోసెడు గీకి ఇంటికి తెచ్చుకున్నా నేరమే. కాపలాకి అక్కడ చౌకీ కట్టి జవాన్లను పెట్టారు. దిబ్బకు ఆ పేరు అలా వచ్చింది. చౌకీ ఎత్తేశారు, దొరలు పోయారు, పేరు మాత్రం కదల్లేదు.

అలాంటి చోటికి మా కోమటి కుటుంబం ఎందుకు పోయిందంటే, పౌరుషం వల్ల. నరసన్నపేట రోడ్డు మీద తాతగారి కొట్టు పెదనాన్న చేతికి పోయింది. అందులో గుమాస్తాలా నిలబడలేక నాన్న మమ్మల్ని బస్సెక్కించి, బండెక్కించి, ఆఖర్న పడవెక్కించి దిబ్బ మీద దింపాడు. బియ్యం, బెల్లం, కిరసనాయిలు, వలతాళ్ళు అమ్మే కొట్టు ముందు వైపు. మేము వెనక వైపు. మధ్యలో తాటాకు దడి. ఈ కొట్టు నడవకపోతే మళ్ళీ పెదనాన్న పంచకు చేరాలి. ఆ మాట ఇంట్లో ఎవరూ అనేవారు కాదు గానీ, అమ్మ దీపం పెట్టేటప్పుడు కళ్ళు మూసుకుని అడిగే వరం అదేనని నాకు తెలుసు.

ఆ ఇంటి వాసన ఇప్పటికీ చెప్పగలను. గోనెసంచులు, పాతబెల్లం, కిరసనాయిలు, వాటి మీంచి అమ్మ ఇంగువ పోపు. గాలి మళ్ళిందంటే ఇసుకలో ఆరబోసిన నెత్తళ్ళ వాసన వచ్చి వీటన్నిటి మీదా కూర్చునేది. ఉల్లిపాయ కూడా తినని రోజులు బోలెడు పాటించే అమ్మ మొదటి నెల ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునే వంట చేసింది. రెండో నెలకి కొంగు దిగింది. మూడో నెలకి, గాలిలో ఆ వాసన లేకపోతే "ఇవాళ వాళ్ళకి చేపలు పడలేదు కాబోలు, పాపం" అనడం మొదలుపెట్టింది.

నీళ్ళ సంగతి వేరే చెప్పాలి. దిబ్బ మీద నుయ్యి లేదు. మొగలి పొదల నీడన ఇసుకలో మోచెయ్యంత లోతు గుంట తవ్వితే తియ్యటి నీళ్ళు ఊరతాయి. దాన్ని చెలమ అంటారు. ఇంకాస్త ఆశపడి తవ్వామా, ఉప్పునీళ్ళే. ఆడవాళ్ళు గుంట చుట్టూ గొంతుక్కూర్చుని కొబ్బరిచిప్పతో తోడి బిందె నింపుకోవాలి. తొందర పనికిరాదు, నీరు ఊరే వేగంతోనే మాటలూ సాగాలి. అమ్మకి ఊరివాళ్ళతో స్నేహం కుదిరింది అక్కడే. మడి నీళ్ళంటే ఏమిటో అమ్మ వాళ్ళకి చెప్పింది, వాళ్ళు నవ్వారు, నవ్వి అమ్మ కోసం వేరే చెలమ తవ్విచ్చారు.

ఆ చెలమల దగ్గర పెద్దరికం నూకాలు మామ్మది. అడ్డచుట్ట కాల్చేది. అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, పొగ పీలుస్తూనే మాట్లాడేది. నోట్లో నిప్పు పెట్టుకున్న మనిషితో వాదన పెట్టుకోవడానికి దిబ్బ మీద ఎవరికీ ధైర్యముండేది కాదు, నాకు తప్ప. ఆమె మనవరాలు పోలమ్మ నా ఈడుది. వేసవి పొద్దులు మావి. ఇసుకలోనే గుడ్లు పెట్టే నల్లతల తెల్లపిట్టలు మా నెత్తి మీద కిర్రుమంటూ తిరిగేవి. నడుస్తుంటే ఎర్రపీతలు నేల మొత్తం కదిలినట్టు కదిలి కన్నాల్లో దూరేవి. ఏట్లో నీటికుక్కలు చేపని రెండు చేతులా పట్టుకుని పళ్ళు చూపిస్తూ తినేవి. కొన్ని ఉదయాలు ఇసుక ఉబ్బినట్టయి, అందులోంచి గుప్పెడంత తాబేలుపిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ బయటికొచ్చేవి. కాకులు ఎత్తుకుపోగా మిగిలినవి నీళ్ళు చేరేవి. తాబేలంటే శ్రీకూర్మం దేవుడు కాబట్టి ఎవరూ గుడ్ల జోలికి పోరు. అంతేగానీ, కూర్చుని కాపలా కాసే తీరిక కూడా ఎవరికీ లేదు. మేమిద్దరం కాకుల్ని తోలేవాళ్ళం, అదీ ఆటకే.

ఇక నాన్న చేసిన పని. నరసన్నపేటలో కొట్టన్నాక తాళం ఉంటుంది, అరుగు కింద కుక్క ఉంటుంది. ఆ రెండూ లేకుండా నాన్నకు నిద్రపట్టలేదు. దిబ్బ మీద తలుపులకి గడియలే లేవన్న సంగతి ఆయనకి ధైర్యం ఇవ్వకపోగా మరింత భయపెట్టింది. చేత్తో తోస్తే పడిపోయే తాటాకు తలుపుకి అరచెయ్యంత ఇత్తడి తాళం వేసి, ఒక సరుకుల పడవలో నరసన్నపేట నుంచి కుక్కని కూడా తెచ్చాడు. ఆ రోజుల్లో కుక్కలన్నిటికీ టైగరనే పేరు కాబట్టి దీనిదీ టైగరే. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. నా అన్నంలో సగం దానిదే.

మర్నాడు తెల్లవారుజామున ఆడవాళ్ళు రొయ్యలకని ఏటివైపు నడుస్తుంటే టైగరు మొరిగింది. దాని ఉద్యోగం అది చేసింది. ఆ ఆడవాళ్ళు నిలబడ్డచోటే నిలబడిపోయారు. చిన్నవాళ్ళు కాసేపటికి కదిలారు. ముసలివాళ్ళిద్దరు మాత్రం బుట్టలు అక్కడే పడేసి ఇళ్ళకి వెళ్ళిపోయారు.

ఆ రోజు నుంచి కొట్టుకి ఎవరూ రాలేదు. తిట్టలేదు, తగువు పెట్టలేదు. కిరసనాయిలుకి ఏరు దాటి అవతలికి పోయారు. చెలమ దగ్గర అమ్మ కూర్చుంటే జరిగి చోటిచ్చారు, బిందె నెత్తికెత్తారు, కానీ మాట్లాడలేదు. నీరు ఊరే చప్పుడు తప్ప ఇంకేమీ వినపడని ఆ కూర్చోవడం ఎలా ఉండేదో అమ్మ ముసలితనంలో కూడా చెప్పుకునేది. నాన్న బెల్లం మీద ఈగలు తోలుతూ సముద్రంకేసి చూసేవాడు. ఇలా సాగితే మాకు పెదనాన్న ఇల్లే గతి.

చివరికి నూకాలు మామ్మ వచ్చింది. టైగరు గొంతు చించుకుంది. ఆమె వాకిట్లోనే నిలబడి, ఎప్పుడూ లేనిది, చుట్ట నోట్లోంచి తీసింది.

"సావుకారు బాబూ, ఆ కుక్కని అవతలికి పంపీండి."

"ఎందుకమ్మా? అదెవర్నైనా కరిచిందేటి?"

"కరవనేదు బాబూ. మొరిగింది."

"కుక్కన్నాక మొరగదా?"

"అదే సెప్తన్నాను" అని మామ్మ అరుగు మీద చతికిలబడింది. "నాను మీ పిల్లంత గుంటగున్నప్పుడు ఆ మొండిగోడల కాడ జవానుండీవోడు. ఆడికి రెండు కుక్కలు. మాయమ్మోళ్ళు తెల్లారగట్ల ఏటికెల్లి, సేపలకి రాసుకోడానికి కొంగులో ఇంత ఉప్పు గీక్కొచ్చీవోరు. మనిసి అలికిడైతే సాలు, కుక్కలు మొరిగీవి. జవాను లేచొచ్చి ఉప్పంతా ఏట్లో పారబోయించీవోడు. కుండలు బద్దలు కొట్టీవోడు. ఒకనాడు మాయమ్మని, కడుపుతో ఉన్న మనిసిని, ఆ గోడకాడ ఎండలో నిలబెట్టీసినాడు. ఆడు కొట్టనేదు బాబూ. కుక్కలూ కరవనేదు. పొద్దుగూకీదాకా సుట్టూ తిరిగి మొరిగినాయి, అంతే. మాయమ్మకి ఆ కడుపు నిలవనేదు."

నాన్న చేతిలో ఈగలు తోలే విసనకర్ర ఆగింది.

"చౌకీ ఎత్తీసినప్పుడు జవాను కుక్కల్ని ఇక్కడే ఒగ్గీసి పోయినాడు. మావోళ్ళు ఆటిని పడవెక్కించి అవతల గట్టున దింపీసినారు. ఆయేల అనుకున్నాం, ఈ దిబ్బమీద మరి మొరుగుడు ఇనపడకూడదని."

నేను ఊరుకుంటానా? టైగరు మెడ వాటేసుకుని అడిగేశాను. "ఆ కుక్కలు వేరు, మా టైగరు వేరు. తప్పు జవానుది. వాడూ చచ్చాడు, వాడి కుక్కలూ చచ్చాయి. మా టైగరేం చేసింది?"

మామ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఓలమ్మ! ఈ గుంటకి ఇంత నోరున్నాక మీ కొట్టుకి మరి కుక్కెందుకు బాబూ?" అంది. నాన్న నవ్వు ఆపుకోలేకపోయాడు. నేను ఆ నవ్వుని చాలాకాలం క్షమించలేదు.

తేల్చింది మాత్రం అమ్మ. దడి అవతల నుంచే, గొంతు పెంచకుండా అంది: "కావలి ఎవరి మీదండీ? మనకి నీళ్ళిస్తున్నవాళ్ళ మీదా?" మర్నాటి పడవలో టైగరు నరసన్నపేట వెళ్ళిపోయింది. పెదనాన్న కొట్టు అరుగు కింద కొవ్వెక్కి హాయిగా బతికింది. ఆ సాయంత్రం నూకాలు మామ్మే మొదటి బేరం చేసింది. నాన్న ఆ ఇత్తడి తాళాన్ని బెల్లం తూకానికి పడికట్టు రాయిలా వాడుకున్నాడు. నన్ను చదువుకి పేటకి పంపేదాకా మేము అక్కడే ఉన్నాం.

ఇదంతా విని సౌజన్య కప్పు కింద పెట్టింది. తర్వాత మెల్లిగా అసలు పని బయటపెట్టింది. "మేడమ్, ఇప్పుడక్కడ ఒక కుక్కపిల్ల ఉంది. మీ పోలమ్మగారి కోడలు రమణ తెచ్చుకుంది. ఊరు రెండు వర్గాలైంది. మీరు చెప్పిన కథ బయటికొస్తే, జవాన్లు పోయారు కదా, ఇంక కుక్కలుంటే ఏమని ఇంటికొకటి తెచ్చుకుంటారు. తాబేళ్ళ పని అయిపోతుంది. మీరొకసారి వచ్చి, ఇది తాబేళ్ళ కోసం పెద్దలు పెట్టిన కట్టడి అని చెబితే వింటారు."

"అబద్ధం చెప్పమంటావు."

"మంచి జరుగుతుంది కదా మేడమ్."

అక్కడికక్కడే దులిపేద్దామనుకున్నాను. కానీ దులపలేకపోయాను. నిజం చెబితే ఆ గుంటలన్నీ తవ్విన గుంటలవుతాయి. అబద్ధం చెబితే, ఎండలో గోడ దగ్గర నిలబడ్డ ఆ మనిషి ఎవరికీ గుర్తుండదు. ఆమె ఉసురు మీద నిలిచిన మాట, ఎవరో రాసిపెట్టిన నీతిపాఠం అయిపోతుంది. ఏం చెప్పాలో తేల్చుకోకుండానే పడవెక్కాను.

మొండిగోడలు లేవు, సముద్రం తీసుకుపోయింది. చెలమల చుట్టూ సిమెంటు ఒరలు, ఊరి మధ్య తుపాను షెల్టరు, దాని మీద సోలారు దీపం. కూలిన జీడిచెట్లు పడుకునే చిగుర్లు వేస్తున్నాయి. అప్పట్లో దిబ్బ మీద మగవాళ్ళు లేని రోజంటూ ఉండేది కాదు, వేటకెళ్ళినా మధ్యాహ్నానికి వచ్చేవారు. ఇప్పుడు సగం ఇళ్ళలో మగవాళ్ళు గుజరాతు వీరావల్ బోట్లలో పనికి పోయి నెలల తరబడి రారు. దానికి బదులు ప్రతి చేతిలోనూ ఫోనుంది, ప్రతి పిల్లా బడికి ఏరు దాటుతోంది. అప్పటిది బంగారమని ఏడవడం నాకు చేతకాదు. పోలమ్మ తోబుట్టువుల్లో ముగ్గురు జ్వరాలకి పోయారు, ఏరు దాటినా డాక్టరు లేక.

"ఏటే, ముసలిదానివైపోనావు!" అంది పోలమ్మ నన్ను చూస్తూనే.

"నువ్వు పడుచుదానిలాగే ఉన్నావులే, పళ్ళు తప్ప" అన్నాను. కావలించుకున్నాం.

షెల్టరు అరుగు మీద అందరూ చేరారు. రమణ ఓ పక్కన, చంకలో బిడ్డ, ఒళ్ళో మట్టిరంగు కుక్కపిల్ల. అందరూ నా వైపు చూశారు. సౌజన్య కూడా చూసింది. నేను నిజమే చెప్పాను, ఉన్నదున్నట్టు, ఆ కడుపు నిలవలేదన్న మాటతో సహా. పడుచువాళ్ళలో చాలామందికి ఇది కొత్త. పోలమ్మ తల దించుకుని విన్నది.

రమణ ఒక్కర్తే తడుముకోకుండా అడిగింది. "అయితే మరేటి? ఆ జవాను సచ్చి ఎన్నేళ్ళో అయినాది. ఈ పిల్ల ఎవుల్నేటి సేసినాది?"

ముమ్మూర్తులా నా మాటే. నా మాటకి నేనేం జవాబు చెప్పను? "ఏమీ చెయ్యలేదమ్మా" అన్నాను. సౌజన్య మొహం పాలిపోయింది.

"మరి దాన్నెందుకే అంత పట్టుకు కూకున్నావు?" అంది పోలమ్మ కోడలితో.

"తుపాను రేతిరి షెల్టరుకి బయల్దేరీలోగా కప్పెగిరిపోనాది. బిడ్డని పొట్టకి కట్టుకుని మంచం కింద కూకున్నాను. ఆయన వీరావల్లో. నా కాడ ఊపిరి పీల్సీది ఇంకొకటుంటే సాలనిపించింది అత్తా. కుక్కైనా సరే."

"నాలుగిళ్ళ అవతల నానున్నాను కదే. పిలవనేదేటి?"

"పిలిస్తే వస్తావని తెల్దు."

ఆ మాట పోలమ్మకి ఎక్కడ తగిలిందో గానీ, చీర కుచ్చిళ్ళు సవరించుకుని లేచింది. తర్వాత ఊరందరి ముందూ అంది: "మొగోళ్ళు నేని ఇళ్ళోళ్ళంతా ఈ షెల్టర్లోనే పడుకుందాం ఇకమీదట. నానూ వస్తాను. సాపలు నావి." మిగతా ఆడవాళ్ళు ఒక్కొక్కరే తలూపారు. ఓ మనిషి మాత్రం, "నీ గురకకి తాబేళ్ళు కూడా అవతల గట్టుకి పోతాయి పోలప్పా" అంది. నవ్వులు లేచాయి. రమణ నవ్వలేదు, కుక్కపిల్లని వదల్లేదు. "సూస్తాను" అని లేచిపోయింది.

తెల్లవారి సౌజన్య నన్ను ఇసుక మీదికి తీసుకెళ్ళింది. ఒక గుంట ఉబ్బుతోంది. పిల్లలు రావడం మొదలుపెట్టాయి, తడి మట్టిముద్దల్లాంటివి, రెక్కల్లాంటి చేతులతో ఇసుకని ఈదుకుంటూ. వెనకాల రమణ వచ్చి నిలబడిందని నాకు కాసేపటిదాకా తెలియలేదు. కుక్కపిల్ల ఆమె చేతుల్లో విల్లులా వంగి గింజుకుంటోంది. రెండు చేతులా అదిమి పట్టుకున్నా ఆగడం లేదు. దాని తప్పేమీ లేదు, దాని ముక్కు దాన్ని లాగుతోంది. రమణ ఆ లాగుడు తన చేతుల్లో పట్టుకుని, కింద పాకేవాటిని చూస్తూ నిలబడింది.

ఎవరూ ఏమీ చెప్పలేదు. నేను కూడా చెప్పలేదు, పెద్ద విశేషం. ఆఖరి పిల్ల అలలో కలిశాక రమణే అంది: "ఇది బతకాలంటే ఇక్కడొద్దు. అవి బతకాలన్నా ఇక్కడొద్దు. రేవు కాడ టీకొట్టోళ్ళు అడుగుతన్నారు. లచ్చివారం లచ్చివారం సేపలేసుకుని ఎల్తాను కదా, సూసుకుంటాను." కాసేపాగి, "నానొప్పుకున్నది ఆ జవాను కోసం కాదు, ఇటి కోసం" అని తాబేళ్ళు పోయిన నీళ్ళవైపు గడ్డం ఎత్తి చూపించింది.

ఆ ఉదయమే మాతోపాటు పడవెక్కింది, బిడ్డని పోలమ్మకి అప్పగించి. ఏటి మధ్యకొచ్చాక సౌజన్య అడిగింది: "ఇప్పుడు కారణం ఏమని రాయమంటారు మేడమ్?"

"రెండూ రాయి. మొదటిది వాళ్ళ ముత్తవ్వలది. రెండోది ఈవేళ పొద్దుటిది, పక్కనే కూర్చుంది, అడిగి, పేరు కూడా రాసుకో" అని, ఇంకా చాలా చెబుదామని గొంతు సవరించుకున్నాను.

"రాతలు తరవాత రాసుకుందురు గానీ, ముందు దీన్నట్టుకోండి సావుకారమ్మా, సీర మీద కక్కీసినాది" అంటూ రమణ కుక్కపిల్లని నా ఒళ్ళో పడేసి, పడవ అంచు మీంచి వంగి కొంగు కడుక్కోసాగింది. అలా వంగే, నా వైపు చూడకుండా అడిగింది: "లచ్చివారందాకా నాను గురుతుంటానా దీనికి?"

"ఉంటావు" అన్నాను. రేవు దగ్గరపడుతోంది. కుక్కపిల్ల నా చెయ్యి నాకడం మానేసి, తల తిప్పి ఆమెనే చూస్తోంది.